బెటర్ అని రాసిన చేదు

మార్చి 12, గురువారం

అయినా నాలుకకి ఇంగ్లీషు ఎందుకంట? నారింజపండుకి రాదు, ట్యాంకుకి రాదు, నాకొక్కడికే రావాలట.

ఇరవై రెండేళ్ళుగా ఈ జ్యూస్ ఫ్యాక్టరీలో నా పని ఒకటే. ట్యాంకులోంచి చెంచాడు తీసుకోవడం, నోట్లో తిప్పడం, ఉమ్మెయ్యడం, చెప్పడం. బాగుంది, పులిసింది, పోయింది. ఈ మూడు మాటలతో కూతుర్ని కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాకా చదివించాను. ఇప్పుడేమో కొత్త ఫారం వచ్చింది. టేస్ట్ అని ఒక గడి. అందులో ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసి ట్రేలో పడెయ్యాలి. ఇకమీదట నోటితో ఏదీ చెప్పకూడదట. నోటిమాటకి రికార్డు ఉండదట. సూపర్‌వైజర్ ఈ సంగతి నోటితోనే చెప్పాడు.

మా ఊరి బళ్ళో ఇంగ్లీషు మేష్టారికి బాగా వచ్చిన ఇంగ్లీషు లీవ్ లెటర్ ఒక్కటే. నేను ఆయన శిష్యుణ్ణి. స్పెల్లింగ్ అంటే నాకు చెవికి ఎలా వినబడితే అలా.

అమ్మాయిని అడగొచ్చు. అడగను. ఈ వయసులో కూతురి దగ్గర గుణింతాలా?

మార్చి 13, శుక్రవారం

మూడో ట్యాంకు ఇవాళ నాలుకని కరిచింది. చేదు. తొక్క చేదు కాదు, గింజ చేదు కాదు. సబ్బు నాకినట్టు జారుడు చేదు. పొద్దున ఆ ట్యాంకుని కాస్టిక్ పోసి కడిగింది మా బావమరిది. తర్వాత మంచినీళ్ళతో సరిగ్గా తొలవలేదన్నమాట. అలాంటిది గొంతు దిగితే కాల్చేస్తుంది.

ఉమ్మేసి, పదిసార్లు పుక్కిలించి, గట్టిగా అరవబోయి ఆగాను. నోటితో చెప్పకూడదుగా. ఫారం తీసి బిట్టర్ అని ఇంతేసి అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, ట్రేలో వేశాను. కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఎందుకు అబద్ధం.

సాయంత్రం గేటు దగ్గర సూపర్‌వైజర్ భుజం తట్టి, ఇన్నాళ్ళకి మీ దగ్గర్నుంచి ఒక మంచిమాట వచ్చిందండీ పెద్దాయనా అన్నాడు. చేదంటే సంబరపడే మనిషిని ఇప్పుడే చూశాను. మా బావమరిదంటే ఈయనకి ఎటూ పడదు, వాడు దొరికాడని కాబోలు అనుకున్నాను.

మార్చి 14, శనివారం

నాలుక చివర పొక్కింది. ఎవర్ని తిట్టుకొచ్చారేమిటి అంది ఇంటావిడ.

మార్చి 15, ఆదివారం. పొద్దున పది

కొంప మునిగింది. అయినా వరసగా రాస్తాను. వరస తప్పితే నాకే నమ్మబుద్ధి కాదు.

అమ్మాయి నా నాలుక చూసి ఏమైంది నాన్నా అంది. బిట్టర్ కరిచిందే అన్నాను, కొత్తగా వచ్చిన ఇంగ్లీషు కదా, వాడాలిగా. అది ఎగిరి గంతేసింది. ఆ మాట పుట్టిందే అక్కణ్ణించట. వెనకటి ఇంగ్లీషులో కరవడం అనే మాటలోంచి బిట్టర్ వచ్చిందట. బైట్‌కి స్వయానా చుట్టమట. నాలుకని కరిచేది కాబట్టి బిట్టర్. తర్వాత్తర్వాత చలికీ, పగకీ, మనసు విరిగినప్పటి మాటకీ అన్నింటికీ అదే పేరు పెట్టుకున్నారట. బిట్టర్ ఎండ్ అని ఇంకోటుందట. అది మాత్రం వేరేనేమో అంటారట. ఓడ మీద తాడు చుట్టే గుంజని బిట్ అంటారట, ఆ తాడు చిట్టచివరి కొస బిట్టర్ ఎండ్ అట.

మనకీ అంతేగదే అన్నాను. చేదు అంటే రుచి, చేదడమంటే నూతిలోంచి నీళ్ళు తోడడం. ఆ తోడే తాడు చేంతాడు. ఇంగ్లీషువాడి చేదు కొసనా తాడే, మన చేదు కొసనా తాడే. ఇద్దరం పగలబడి నవ్వాం. వంటింట్లోంచి ఇంటావిడ, తండ్రీకూతుళ్ళకి తాడు దొరికింది, ఇక బొంగరమే తక్కువ అంది.

ఏదీ నాన్నా, ఎలా రాశావో చూపించు అంది అమ్మాయి. పాలచీటీ వెనకాల రాశాను. బి, ఇ, టి, టి, ఇ, ఆర్.

దాని నవ్వు ఆగిపోయింది. ఇది బిట్టర్ కాదు నాన్నా, బెటర్ అంది. ముందటికన్నా మేలు అని. ఇ కాదు, ఐ రావాలి అంది.

మూడో ట్యాంకు ముందటికన్నా మేలు. కింద నా సంతకం.

పదకొండు

సూపర్‌వైజర్ ఫోన్ ఆఫ్. ఫ్యాక్టరీకి చేస్తే వాచ్‌మన్ ఎత్తాడు. మూడో ట్యాంకా? శుక్రవారం సాయంత్రమే సీసాల్లోకి దిగిందిగా అన్నాడు. నిన్న లోడు వెళ్ళిందట. ఎక్కడికయ్యా అంటే, పెద్దాసుపత్రికి, రోగులకి ఇవ్వడానికి, మొత్తం అక్కడికే అన్నాడు.

ఆసుపత్రి నంబరు అమ్మాయి వెతికి ఇచ్చింది. ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. చేస్తే నా ఉద్యోగం సరే. బావమరిదిది కూడా పోతుంది. వాణ్ణి అక్కడ పెట్టించింది నేనే. వాడింట్లో ఇద్దరు పసివాళ్ళు. ఇంటావిడ గుమ్మంలో నిలబడి అంతా వింది. తమ్ముడి సంగతి ఆమెకి నేను చెప్పాలా? ఏడుస్తుందేమో అనుకున్నాను. ముందు ఫోన్ చెయ్యండి, తర్వాత తీరుబడిగా వణుకుదురుగాని అంది.

పన్నెండున్నర

ఆసుపత్రి వంటశాల చూసే ఆవిడ ఎత్తింది. ఇంగ్లీషు జోలికి పోలేదు. అమ్మా, ఆ రసం చేదు, ఎవరికీ పొయ్యకండి, అందులో కాస్టిక్ కలిసింది అన్నాను. ఉండండి అని వెళ్ళి చూసొచ్చింది. పెట్టెలన్నీ స్టోర్‌లోనే ఉన్నాయండీ అంది. హమ్మయ్య అనబోయాను. ఒక్కటే విప్పాం, ఒక్క సీసా వార్డుకి వెళ్ళింది అంది.

మళ్ళీ తనే ఫోన్ చేసింది, ఏడుస్తూ. వార్డులో ఓ ముసలాయన ఉన్నాడట. గ్లాసు నోట పెట్టగానే చేదు అన్నాడట. ఆయన చారు చేదంటాడు, పాలు చేదంటాడు, మంచినీళ్ళూ చేదే అంటాడు. అందుకని వార్డు మనిషి, మీకు చేదు కానిదేముంది తాతా, కళ్ళు మూసుకుని తాగెయ్యండి అందట. పాపం సగం తాగాడు. ఇప్పుడు నోరంతా పొక్కిపోయింది, మాట రావడం లేదు, ఎమర్జెన్సీలోకి తీసుకెళ్ళారు.

ఆ రసాన్ని చేదు అన్నవాళ్ళం ప్రపంచంలో ఇద్దరమే. నేను అక్షరం తప్పాను. ఆయన్ని ఎవరూ నమ్మలేదు.

రెండు. ఆసుపత్రి వరండా

ఆటోలో వస్తూ బావమరిదికి ఫోన్ చేశాను. బావా, నేను తొలిచాను బావా అని మొదలెట్టాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఒక్కసారే తొలిచాను, రెండోసారికి నీళ్ళు రాలేదు, షిఫ్టు అయిపోయింది అన్నాడు. ఆ కాస్టిక్ డబ్బా మీద ఏం రాసుందో చదవరా, డాక్టరుకి కావాలి అన్నాను. ఫ్యాక్టరీకి పరిగెత్తి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాడు. వాడూ మా బడే. ఐ దగ్గర రెండుసార్లు అడిగి రాసుకున్నాను.

డాక్టరు ఆ చీటీ తీసుకుంది. ఇది ముందే తెలియడం మంచిదైంది అంది. ఎంత మంచిదని అడిగితే, ఇప్పుడే చెప్పలేనండీ అంది.

మూడుంపావు

సూపర్‌వైజర్ ఫోన్ ఇప్పటికి వెలిగింది. సంగతంతా చెబితే, మీరేం మాట్లాడకండి, ఇంటికెళ్ళండి అన్నాడు. ఫారంలో శుభ్రంగా బెటర్ అనే ఉంది, మీరు సంతకం పెట్టారు, నేను ముద్ర వేశాను, ఆసుపత్రివాళ్ళు ఎక్కడో కలుపుకుని ఉంటారు అన్నాడు. డాక్టరుకి అంతా చెప్పేశానండీ అన్నాను. ఎవరు చెప్పమన్నారు అని అరిచాడు. నోటితోనే చెప్పాను, రికార్డు ఉండదులెండి అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఎదురు బెంచీ మీద ముసలాయన భార్య. నేనెవరో ఆమెకి తెలియదు. మీవాళ్ళు కూడా లోపలే ఉన్నారా బాబూ అంది. తల ఊపాను. అది కూడా అబద్ధమే. లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుని నిజం చెప్పాను. కొట్టలేదు, తిట్టలేదు. ఆయన అబద్ధం ఆడలేదన్నమాట అంది. అంతే. తర్వాత నావైపు చూడలేదు.

నాలుగు

తలుపు తెరిచారు. మాస్కు కట్టుకున్న నర్సు బయటికొచ్చి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెద్దాయన ఎవరండీ, లోపల తాతగారు మిమ్మల్ని పిలుస్తున్నారు, తిట్టాలట, తొందరగా రండి అంటోంది. పిలుస్తున్నాడంటే, తిట్టాలంటున్నాడంటే, గొంతు తిరిగొచ్చినట్టేగా. వెళ్తున్నాను.