నాకివ్వని బంతి

ఆళ్లగడ్డ,
6 జనవరి 1958

ఒకప్పటి నా ప్రాణస్నేహితుడు గఫూర్‌కు,

నాలుగేళ్ల తర్వాత ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ప్రేమతో రాయడం లేదు. ఈ నెల ఇరవైన మా బడి పిల్లలను మీ నంద్యాలకు ఫుట్‌బాల్ ఆటకు తీసుకొస్తున్నాను. అక్కడ డ్రిల్లు మాస్టరువి నువ్వేనని తెలిసింది. అందుకే ముందుగా చెప్పిపెడుతున్నాను.

మీవాళ్లు ఇంకా బంతిని ఆకాశానికి తన్ని దాని వెనకాల పరుగెత్తుతున్నారట. మావాళ్లు అలా తన్నరు. ఆర్నెల్లుగా నేను నేర్పింది ఒకటే: బంతి మన దగ్గరున్నంతసేపు ఎదుటివాడు గోలు కొట్టలేడు. అయిదుగురిని గుండ్రంగా నిలబెట్టి మధ్యలో ఇద్దరిని వదులుతాను. ఆ ఇద్దరికీ చిక్కకుండా బంతి ఇరవైసార్లు తిరగాలి. ఇచ్చినవాడు అక్కడే నిలబడకూడదు, ఖాళీలోకి కదలాలి. ఎదుటి జట్టులో గోలు ముందు కాపు కాసే ఇద్దరు బ్యాకుల మధ్య సందు కనబడితే అందులోంచి నేలబారుగా పంపాలి. మొదట్లో ఏసయ్య అని మా ఫార్వర్డ్ ఒకడు విసుక్కున్నాడు. "ఎన్నిసార్లు ఇచ్చుకుంటాండేది సార్, ఒక్క తన్ను తంతే పోలా" అన్నాడు. ఇప్పుడు వాడికంటే బాగా బంతి ఇచ్చేవాడు మా జట్టులో లేడు.

బంతి ఇవ్వడం గురించి నాకింత పట్టుదల ఎందుకో నీకు తెలుసు. యాభైమూడులో మనం నంద్యాల తరఫున ఆళ్లగడ్డ మీద ఆడిన ఆఖరి ఆటలో, గోలు ముందు నేనొక్కణ్ణే ఉన్నాను. బంతి నీ కాళ్ల దగ్గరుంది. నా కళ్లలోకి చూసి మరీ దాన్ని అటుపక్కనున్న మన నారాయణకిచ్చావు. వాడు బయటికి తన్నాడు. ఓడిపోయాం. జిల్లా జట్టుకు నిన్ను తీసుకున్నారు, నన్ను వదిలేశారు. మీ అమ్మ జైతున్‌బీ చేతి అన్నం తిన్నవాణ్ణి కాబట్టి ఆ రోజు నీమీద చెయ్యి చేసుకోలేదు. ఈసారి మీ ఊరివాళ్ల ముందే నిన్ను ఓడిస్తాను. ఆ తర్వాత నీ ముఖం చూడను.

ఇట్లు,
ఓబులేసు


నంద్యాల,
11 జనవరి 1958

ఓబులేసుకు గఫూర్ సలాం.

నీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించలేదు, సిగ్గేసింది. మీ నాయన పోయి ఏడాది దాటింది గనక ఇప్పుడు చెబుతున్నాను. ఆ ఆటకు ముందు ఆయన నన్ను పక్కకు పిలిచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆళ్లగడ్డ గోల్‌కీపర్ ఎవరో నీకు తెలుసు, మీరు గుత్తకు చేసే భూమి ఆసామి కొడుకు. "మావానికి బంతి ఇయ్యొద్దప్పా గఫూరూ. అంతమంది ముందు ఆ పిల్లోని మీద గోలు కొడితే గుత్త తీసేస్తారు. మావానికి చెప్తే వినడు, అందుకే నీకు చెప్తాండా" అన్నాడు. నీకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

నాలుగేళ్లు నన్ను నమ్మకద్రోహి అని ఊరంతా చాటావు. పడ్డాను. మీ గుత్త నిలబడిందంటే నేను నోరు మూసుకున్నందువల్లే. ఇంక పడను. నీ పిల్లలను తీసుకుని రా. మా బ్యాకుల మధ్య నీకు ఒక్క సందు కూడా దొరకదు.

గఫూర్


ఆళ్లగడ్డ,
22 జనవరి 1958

గఫూర్‌కు,

ఒకటికి రెండు గోల్స్‌తో మీవాళ్లు ఓడిపోయారు. మైదానంలో నీతో మాట్లాడకుండా వచ్చేశాను. మాట్లాడితే ఏడ్చేవాణ్ణి.

నీ ఉత్తరం అందిన మర్నాడు పిల్లలను కూర్చోబెట్టి, నంద్యాల జట్టులో ఎవరితోనైనా మీ ఇళ్లకు ఇబ్బంది ఉందా అని అడిగాను. ఏసయ్య లేచాడు. "వాళ్ల గోల్‌కీపర్ ఇంటి చేన్లో మా నాయన పని చేస్తాండాడు సార్. నేను గోలు కొట్టను. ఇయ్యమంటే ఎన్నిసార్లయినా ఇస్తా" అన్నాడు. సరేనన్నాను. తర్వాత జరిగింది నువ్వే చూశావు. వాడు తంతాడని మీ బ్యాకులు వాడి మీదికే ఎగబడ్డారు. రెండుసార్లూ వాడు వాళ్ల మధ్యనుంచి ఖాళీగా ఉన్న మా సుబ్బయ్యకిచ్చాడు, సుబ్బయ్య గోలు కొట్టాడు.

మా నాయన మీద నాకు కోపంగా ఉంది. ఆయన లేడు కనుక అది కూడా నీమీదే. ఒట్టు నిలబెట్టుకున్నావు, కాదనను. కానీ నేను విననని ఆయన అంటే నువ్వెలా నమ్మావు? పదేళ్లు నా పక్కన ఆడినవాడివి. ఒక్క మాట నా చెవిన వేసి బంతి ఇచ్చి ఉంటే, గోలు ముందు నుంచి దాన్ని తిరిగి నీకే ఇచ్చేవాణ్ణి. నువ్వు కొట్టేవాడివి.

ఓబులేసు