చేయి జారిన బ్యాటన్

బావగారికి,

మీవాడు ఏ పాపం ఎరగడని, కోచ్‌గా నన్ను ప్రిన్సిపాల్‌కి రాయమన్నారు. చదివి నవ్వొచ్చింది. హాస్టల్లో అమ్ముకునే మత్తుమాత్రలు రిలే బ్యాటన్ గొట్టంలో పోసి, రెండువైపులా దూది కుక్కిన ఘనుడు మీవాడు. సెలక్షన్ రోజు తొందరలో అదే బ్యాటన్ పట్టుకుని పరిగెత్తాడు. మూడోవాడి దాకా బాగానే చేతులు మారింది. చివరి కుర్రాడి చేయి జారి, మాత్రలన్నీ సెలక్టర్ల కాళ్ళ ముందే చెల్లాచెదురయ్యాయి.

ఏమీ తెలియని మిగతా ముగ్గురినీ మీవాడితో పాటే కాలేజీలోంచి గెంటేశారు. చివరి కుర్రాడు ఏడుస్తూ పెట్టె సర్దుకుంటుంటే మీవాడు నాతో ఏమన్నాడో తెలుసా? "వాడు సరిగ్గా పట్టుకునుంటే ఏమీ అయ్యేది కాదు మామయ్యా."

వాడి గురించి నేను రాయగలిగింది ఆ ఒక్క మాటే. పంపమంటారా?

మీ బావమరిది