కొట్టివేతలు లేని పుస్తకం

18-1-2006, బుధవారం. భవానీపురం.

ఈ రోజు నా పొరపాటు ఒకటి బయటపడింది. ఉన్నదున్నట్టు రాసిపెట్టడానికి కూర్చున్నాను.

కాలేజీలో రోబో చేసే జట్టుకు నోట్‌బుక్ రాసేది మా మనవరాలు లలిత. పేజీల నిండా కొట్టివేతలు చూసి, పోయిన వారం నేనే దాన్ని ఫెయిర్ చేయించాను. మా రోజుల్లో రికార్డు అలాగే రాసేవాళ్లం. వాళ్ల మాస్టారు ఇవాళ తిప్పి పంపేశారు.

"మీ రోబో ఒక్కసారి కూడా పడిపోలేదా అని నవ్వారు అమ్మమ్మా! చక్రం మూడుసార్లు ఊడింది. అది ఎలా సరిచేశామో రాస్తేనే మార్కులంట. శుక్రవారానికి అసలుది ఇవ్వకపోతే పోటీకి పంపరంట."

"పాతది ఏదే?"

"ఆదివారం పాత పేపర్లతో వేసెయ్యమన్నది నువ్వే కదా!"

ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పాను. జవాబు తప్పినా స్టెప్పులకు మార్కులు వేశాను. ఇంట్లో ఆ సంగతి గుర్తు రాలేదు.

1. పొద్దున పాత పేపర్ల కొట్టు తీయగానే వెళ్లి వెతకాలి.
2. దొరికితే, ఒక్క అక్షరం దిద్దకుండా లలిత చేతికివ్వాలి.
3. దొరక్కపోతే, తప్పు నాదని మాస్టారికి ఉత్తరం రాయాలి. అందులో కొట్టివేతలు పడినా ఫెయిర్ చేయకూడదు.