హాజరు పట్టీ మేనేజరు

నంద్యాల,
4 ఆగస్టు 1957

ప్రియమైన చెన్నకేశవులుకు,

నీ మోకాలు, నీ జొన్నచేను, కమలాక్షమ్మ వదిన, ముగ్గురూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మన ఫుట్‌బాల్ క్లబ్బు మేనేజరు మీద తీర్పు చెప్పే వంతు మళ్లీ నీకే వచ్చింది, పాత కెప్టెనువు గదా. ఆచారం తెలిసిందే. మేనేజరు పేరు నేను రాయకూడదు, చేసిన పనులే రాయాలి. నీ జవాబును సెక్రెటరీగా నేను కమిటీ ముందు అక్షరం వదలకుండా చదవాలి.

ముందటి ఇద్దరినీ సాగనంపింది నువ్వే. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలమని ఆదినారాయణ జట్టును మైదానంలోకి దిగనివ్వలేదు. వాళ్లు దిగేసరికి రెఫరీ బనగానపల్లెకు గెలుపు రాసిచ్చి ఇంటికి పోయాడు. ఇస్సాకు కాంపౌండరు ఒళ్లు తేలికవుతుందని ముందురోజు అందరికీ ఆముదం తాగించాడు. ఆటకు ఏడుగురే వచ్చారు.

ఈ ఏటి మేనేజరు సాధనకు హాజరు పట్టీ పెట్టాడు. పొద్దున్నే ఎవరు ఎక్కువ రోజులు వస్తే వాళ్లకే ఆటలో చోటు. ఎంత గొప్పగా ఆడేవాడైనా రానివాడు గట్టు మీదే. ఆరు ఆటల్లో ఒకటి గెలిచాం, ఒకటి సమం, నాలుగు ఓడిపోయాం. ఇంకా నాలుగున్నాయి. ఆయనకు ఆ పనంటే ప్రాణం. ఉంచాలో దింపాలో నీ మాట మీదే ఉంది. కాస్త నిదానించి రాయి.

నీ క్షేమం కోరే,
నతానియేలు


ఆళ్లగడ్డ,
9 ఆగస్టు 1957

ప్రియమైన నతానియేలుకు,

నిదానించడానికి ఏముంది? దింపేయండి.

మేతకు ముందొచ్చిన ఎద్దుకే కాడి కడతాడా ఈ మహానుభావుడు? మన యోబు ఎడమకాలితో తన్నితే గోలు స్తంభాలు అదరాల్సిందే. పాపం వాడికి బండి తోలే పని, పొద్దున్నే రాలేడు. వాణ్ణి గట్టున కూర్చోబెట్టి, రోజూ వచ్చి ఆవులించేవాణ్ణి ముందు వరుసలో ఆడిస్తాడా? అట్లాంటి బుద్ధికి పేర్లు పిలిచే పని ఇవ్వండి, జట్టును ఇవ్వకండి. మనిషి మంచివాడైతే ఇంటికి పిలిచి అన్నం పెట్టండి.

నువ్వు మెత్తని మనిషివి. జాలిపడి ఒక్క మాట కూడా మింగొద్దు. ఈ ఉత్తరం రాస్తుంటే కమలాక్షమ్మ పక్కన కూర్చుని నవ్వుతోంది. ఎందుకో అడిగితే చెప్పదు.

ఇట్లు నీ
చెన్నకేశవులు


నంద్యాల,
20 ఆగస్టు 1957

ప్రియమైన చెన్నకేశవులుకు,

చదివాను. ‘మహానుభావుడు’ దగ్గర కూడా ఆపలేదు. ఆ మహానుభావుణ్ణి నేనే, బడిలో రోజూ పేర్లు పిలిచే అయ్యవారినే.

చదువుతున్నంతసేపూ అందరూ నా ముఖమే చూశారు. మన అధ్యక్షుడు లక్ష్మీనారాయణ ప్లీడరు నవ్వాపుకోలేక ఎద్దు మాట దగ్గరే బయటికి పోయాడు. దింపడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. తీర్పు తీర్పే గదా.

అప్పుడు ప్లీడరు లోపలికొచ్చి అన్నాడు: “ఆళ్లగడ్డలో కూసోనే ఇంత తెలిసినోడు, ఈడికొచ్చి చేసి సూపియ్యమను.” మళ్లీ చేతులు లేచాయి. మిగిలిన ఆటలకు మేనేజరువి నువ్వే. బస్సెక్కి రా.

నీ మీద కోపం లేదు. బాధ లేదంటే అబద్ధమవుతుంది. తెల్లవారకముందే మెలకువ వస్తోంది, పోవడానికి మైదానం లేదు. మా ఆవిడ జీవమ్మ కాఫీ ఇచ్చి తన పనిలో పడుతోంది. నువ్వున్నన్నాళ్లూ నేను ఆటకు రాను. నా ముఖం చూస్తే నీ నోరు ఆడదు.

నీ
నతానియేలు


ఆళ్లగడ్డ,
1 అక్టోబరు 1957

ప్రియమైన నతానియేలుకు,

మూడు ఆటలకు వచ్చాను, నువ్వు ఒక్కదానికీ రాలేదు. మీ ఇంటి తలుపు తట్టడానికి నాకు మొహం చెల్లలేదు. అందుకే ఉత్తరం.

మొదటి ఆటకు కాళ్లు చూసి పదకొండుమందిని ఏరాను. అందరూ మొనగాళ్లే. బంతి దొరికినవాడు ఇంకొకడికి ఇస్తే ఒట్టు. ఐదు గోల్సు తిన్నాం. రెండోదానికి నోరు పోయేట్టు అరిచాను, మూడు తిన్నాం. యోబు తన్నిన బంతి స్తంభాలను కాదు, గట్టు మీద నన్ను అదరగొట్టింది.

సిగ్గుతో ఒక రాత్రి నంద్యాలలోనే ఉండిపోయి, పొద్దున్నే మైదానానికి పోయాను. రోజూ సాధనకొచ్చే నీ వాళ్లు పన్నెండుమందీ అక్కడ ఉన్నారు. పిలిచేవాడు లేడు, పట్టీ లేదు, వాళ్లంతట వాళ్లే ఆడుకుంటున్నారు. ఎవరి కోసం వస్తున్నారప్పా అని అడిగితే ఒకడు చెప్పాడు: “అయ్యవారు మల్లా వస్తాడని చూస్తాండామన్నా. మాకు యోబన్న మాదిరి ఆట రాదు. కానీ కండ్లు మూసుకున్యా ఎవుడు యాడుంటాడో మాకు తెలుసు.”

మూడో ఆటకు వాళ్లలోంచే దింపాను. యోబు ఆ వారమంతా బండి వాళ్ల నాయనకు అప్పగించి పొద్దున్నే వచ్చాడు, వాణ్ణీ కలిపాను. బనగానపల్లె మీద రెండు ఒకటి. గెలిచినప్పుడు నేను ఏడ్చానని ప్లీడరు చెప్తే నమ్ము.

ఇక కమిటీకి నా తీర్పు. చెన్నకేశవులు అనే మేనేజరు చూడకుండా మాట్లాడాడు, చూసినాక కూడా రెండు ఆటలు పోగొట్టాడు. అతన్ని దింపి, అయ్యవారిని కూర్చోబెట్టండి. ఇది నువ్వే చదవాలి, అక్షరం వదలకుండా. పెద్దగా చదువు.

నిన్ను అంత మాటన్నందుకు నా మనసు బాగలేదు నతానియేలూ. తెలియక అన్నానంటే చాలదు. ఎవరినైనా సరే, అట్లా అనకూడదు.

ఆదివారం కర్నూలు వాళ్లతో ఆఖరి ఆట. గట్టు మీద నీ పక్కన కూర్చోవడానికి వస్తాను. నోరు మూసుకుని కూర్చుంటానని మాత్రం మాటివ్వలేను.

నీ వాడు,
చెన్నకేశవులు