మూడో ఏటి రొట్టె బొమ్మ

అమ్మకి ఎల్వీరా దండాలు. ఈ ఇంట్లో అందరం కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, గొర్రెలు ఈనాయనీ చదివి మనసు కుదుటపడింది.

"వాళ్లు మీదపడి కొడతారా? నువ్వే తినిపించాలా?" అని, నేను సాయానికొచ్చిన ఈ వికలాంగుల ఇంటి గురించి అడిగావు. సరిహద్దు దాటి బొలీవియాలోకి వస్తున్నప్పుడు నాకూ అదే బెంగ. తీరా వస్తే వాళ్లే నాకు వేడి సూప్ పోసి పెట్టారు. అందరూ నాకంటే పెద్దవాళ్లే. చక్రాల కుర్చీలో తిరిగే కసియానోకి మాట నెమ్మది, నోరు మాత్రం పదును. నన్ను ఎగాదిగా చూసి, "సేవ చెయ్యడానికొచ్చావా తల్లీ? ముందు ఆ బంగాళాదుంపల తొక్క తియ్యి, చూద్దాం," అన్నాడు. తీశాక, "దుంపంతా చెత్తలోకే పోయిందే!" అని అందరినీ నవ్వించాడు. జాలి చూపిస్తే వీళ్లకి ఒళ్లు మంట.

తమ్ముడి సంగతి ఇక్కడెవరికైనా చెప్పానా అని కూడా అడిగావు. సరస్సు మీంచి ఫెర్మిన్ పడవ ఒక్కటే తిరిగొచ్చిందని, శవం దొరకలేదు గనక వాడు బతికే ఉన్నాడని నువ్వంటున్నావని నా అంతట నేను ఎవరికీ చెప్పలేదు. ఒట్టు. అయినా ఏం జరిగిందో విను.

ఉబాల్దీనా అని ఒకావిడ ఉంది. పుట్టుకతోనే బుద్ధి నెమ్మది, నలభై దాటాయి. నేల తుడిచే పని ఆవిడది, ఆ గుడ్డ ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు. వచ్చినప్పట్నించీ నన్ను ఒకటే కసురుడు: "కాళ్లు తుడుచుకుని రాలేవూ?" ఇక్కడ వానచుక్క లేదమ్మా, పెదాలు పగిలేంత పొడి. అయినా నేను నడిచిన చోటల్లా నా వెనకాల తడి అడుగులు. బూట్లు విప్పి చూసుకుంటే ఎండిపోయే ఉన్నాయి. ఆ అడుగులు నావాటికంటే పెద్దవి, చెప్పుల్లేనివి. ఆవిడ గుడ్డ పిండితే మన సరస్సు నాచు వాసన. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

పోయినవాళ్ల పండక్కి అందరం పిండి కలిపాం. పోయిన తమవాళ్ల పోలికతో ఎవరికి వాళ్లు రొట్టె బొమ్మలు చేసుకుంటున్నారు. కసియానో వాళ్ల నాన్న బొమ్మకి మీసాలు పెట్టాడు. ఉబాల్దీనా ఒక బొమ్మ చేసి నా ముందు పెట్టింది. చెవులు కప్పే టోపీ, బోసి కాళ్లు.

"ఇదెవరికి?" అన్నాను.

"నీ వెనకాల తిరిగేవాడికి. తుడవలేక చస్తున్నాను. ఇంత తిండి పెట్టి పంపించు."

కసియానో పొయ్యికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగవే ఉబా! బతికున్నవాడి పేరున కాలిస్తే వాడికే చేటు. ఎల్వీరా, అతను ఉన్నాడా, పోయాడా? నువ్వు చెబితేనే లోపల పెడతాం."

అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. అమ్మా, ఇక దాచలేను. "పోయాడు," అన్నాను. "మా తమ్ముడు ఫెర్మిన్, సరస్సులో పోయాడు." పోయినవాళ్లకి మూడేళ్లే కదా వడ్డించేది. రెండేళ్లు నువ్వు వద్దన్నావు, నేను ఊరుకున్నాను. ఈసారీ పెట్టకపోతే వాడు ఎప్పటికీ ఆకలితోనే తిరుగుతాడు. నన్ను తిట్టుకో, పడతాను.

పండగనాడు మధ్యాహ్నం, పోయినవాళ్లు వచ్చే వేళకి గంటలు మోగగానే బల్ల చుట్టూ కూచున్నాం. వాడి బొమ్మ, వేయించిన చేప, గ్లాసుతో నీళ్లు. మా కళ్ల ముందే గ్లాసులో నీళ్లు తగ్గిపోయాయి. ఎవరూ ఉలిక్కిపడలేదు. "పాపం, దాహం మీదున్నాడు. ఇంకాస్త పొయ్యి," అన్నాడు కసియానో, చుట్టం వచ్చినట్టే. గ్లాసు మళ్లీ నింపాను. నీళ్లలో పోయినవాడికి అంత దాహమేమిటమ్మా?

మర్నాడు మధ్యాహ్నం వచ్చినవాళ్లని సాగనంపాలి. ఉబాల్దీనా వీధి మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చింది. నేలంతా వెతికింది, ఎక్కడా చెమ్మ లేదు.

"వెళ్లిపోయాడా?" అన్నాను, ఏడుపు ఆగక.

"ఇక్కణ్ణించైతే వెళ్లాడు. వాళ్లమ్మకి చెప్పకుండా పైకి పోనంటాడు. మీ ఊరి బస్సెక్కడ ఆగుతుందో చూపించి వచ్చాను."

ఈ ఉత్తరం కంటే ముందే వస్తాడేమో. వస్తే భయపడకు. కడుపునిండా పెట్టు, తల నిమురు. ఈ రాత్రికి ఉండిపోరా అని మాత్రం అనకమ్మా. నువ్వడిగితే వాడు ఉండిపోతాడు.

ఇట్లు,
నీకు మిగిలిన బిడ్డ,
ఎల్వీరా