రెండు చేతులా పట్టిన కొర్రమీను

బావా,

నిన్న తాడేపల్లిగూడెంలో నీ సంవత్సరీకం జరిగింది. హాల్లో నీ ఫోటోకి దండ వేశారు. పెద్ద కొర్రమీనుని రెండు చేతులా ఎత్తి పట్టుకుని నవ్వుతావే, ఆ ఫోటోకే. భోజనాలయ్యాక అక్క నీ గాలం కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇవాళ పొద్దున్నే ఆ కర్రతో కొల్లేటి వైపు మన కాలువకి వెళ్ళాను. ఇప్పుడక్కడ మలుపు మలుపుకీ ఒక బైకు ఆగి ఉంటోంది. చేప తేలితే చాలు, ఫోన్లలో లొకేషన్లు పంపేసుకుంటున్నారు. నేను మాత్రం నువ్వు నేర్పినట్టే ఎవరినీ అడగకుండా వెతికాను. "ఒకడు చూపిస్తే పట్టేది వేట కాదురా. నీకు చూపు లేదంతే" అని పదేళ్ళు ఎగతాళి చేశావుగా.

రేవులో పడవ నడిపే ముసలాయన నీ కర్రని గుర్తుపట్టాడు.

"గూడెం మాస్టారిది కదండీ ఇది? వచ్చే ముందురోజు ఫోన్ చేసేవారండీ. చేప ఎక్కడ తిరుగుతోందో నేను చూసి పెట్టేవాడిని. బావమరిదిగారికి మాత్రం చెప్పొద్దనేవారు. ఇప్పుడు మీకు చూపించమంటారా అండీ?"

వద్దన్నాను. ఎప్పటిలాగే ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

సాయంత్రం మీ ఇంటికి వెళ్ళి నీ ఫోటో ముందు నిలబడ్డాను. ఆ కొర్రమీనుని పట్టిన రోజు ఒక్కడినే వెళ్ళానని చెప్పావు. నీ రెండు చేతుల్లోనూ చేపే ఉంది. మరి ఆ ఫోటో ఎవరు తీశారని ఇన్నేళ్ళలో ఒక్కసారీ నాకు తట్టలేదు.

నాకు చూపు లేదన్నావు. నిజమే, బావా.