పీరు చరణం

తాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన నాంపల్లి భజన మండలి పాటల పుస్తకం అచ్చవుతోంది. అందులో నువ్వు కట్టిన పాట కూడా వేస్తున్నారు. రాముడి చరణం ఉంది, పీరు చరణం లేదు! ఒళ్లు మండి ఆబిడ్స్‌లో ప్రెస్సు దగ్గరికే పోయి, మండలి పెద్ద యాదయ్య కాకాతో గొడవపడ్డాను.

"పీరంటే గంత భయమా కాకా మీకు?" అన్నాను.

"భయమేందిరా! మాకెవ్వలికి ఆ చరణం రాదు. నువ్వు చెప్పు, ఇప్పుడే రాసుకుంట" అని పెన్ను తీశాడు.

నాకూ రాదు. ప్రతి గురువారం నువ్వు దర్గాలో దాన్ని పాడుతుంటే, నేను గేటు బయట నిలబడి మతసామరస్యం మీద కరపత్రాలు పంచుతుండేవాణ్ణి. ఒక్కసారి చెయ్యి పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోతే నీ సొమ్మేం పోయేది?